జొన్నలు నిండిన గంట

రండర్రా, దగ్గరికి జరిగి కూచోండి. వెనకున్నవాళ్లు ముందుకు రండి, గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

ఒక ఊరికి గారడీ తాత వచ్చాడు. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. ఆకలితో ఉన్నవాడి చేత ఆడించుకోవడం తప్పని, ఆట ముగిసేదాకా ఆగరు. మధ్యలోనే లేచి వెళ్లి సోలెడేసి జొన్నలు అతని సంచిలో పోసి వస్తారు. ఆ సంగతి తాతకు తెలియదు.

అదే ఊళ్లో ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. తప్పిపోయిన కోడిని, పోయిన తాళంచెవిని వెతికి పట్టినందుకు ఊరంతా వాళ్లను డిటెక్టివులనేది. తాత ఆట మొదలుపెట్టి ఒక పావురాన్ని మాయం చేయగానే ముందు వరసలోని అక్క అడిగింది: "ఎలా చేశావు తాతా?"

"చెబితే ఇంక ఆటేముంది తల్లీ!" అని నవ్వాడు తాత.

తర్వాత పాలవ్వ దగ్గర ఆవు మెడగంట అడిగి తీసుకున్నాడు. నల్లగుడ్డ కప్పి ఊదాడు. గంట లేదు. "ఆట చివర్లో వస్తుందిలే అవ్వా."

"రావాలి నాయనా. ఆ గంట వినబడందే నా ఆవు పాలు చేపదు. పొద్దు వాలితే పాలు పిండాలి."

తాత కుండలో నీళ్లు మాయం చేస్తుండగా ఆడవాళ్లు ఒక్కొక్కరే అతని వెనక్కి వెళ్లి జొన్నలు పోసి వచ్చారు. చివరికి తాత వెనక ఉన్న సంచిలోకి చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మంత్రం చదివాడు. మళ్లీ చదివాడు. గుడ్డ కింద ఏమీ లేదు.

"గారడీ కాదిది, దొంగతనం!" అన్నాడొకడు.

"ఆవునీ మాయం చేసేవాడే, గుడ్డ చాల్లేదు!" అన్నాడింకొకడు. పాలవ్వ కళ్లొత్తుకుంది. తాత చేతిలోంచి నల్లగుడ్డ జారి నేలమీద పడింది.

"ఎగిరి చెట్టెక్కిందేమో," అంటూ తాత పైకి చూశాడు. జనమూ పైకి చూశారు. అక్క మాత్రం తాత ఎటు చూడడం లేదో చూసింది. అతను సంచి వైపు ఒక్కసారి చూసి, మళ్లీ అటు తల తిప్పలేదు.

ఆమెకు అర్థమైంది. గంట సంచి అడుగున ఉంది, ఊరు పోసిన జొన్నల కింద. తీస్తే దొంగంటారు. తియ్యకపోయినా దొంగే అంటారు.

"సంచి కుమ్మరించండి!" అని అరిచారు.

"ఆగండి, నేను చూస్తాను," అని లేచింది అక్క.

"డిటెక్టివమ్మ చూస్తే సరే."

తమ్ముడి చెవిలో ఒక మాట చెప్పి, సంచిలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. వేళ్లకు చల్లగా కంచు తగిలింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు గావుకేక పెట్టాడు: "అవ్వా! నీ ఆవు తాడు తెంపుకుంది!"

అందరి తలలూ అటు తిరిగాయి. అక్క చెయ్యి నల్లగుడ్డ కిందికి వెళ్లి వచ్చింది.

ఆవు కట్టుగొయ్య దగ్గరే నెమరేస్తోంది. "నీ నోట్లో మన్ను పొయ్య, గుండె ఆగిపోయిందిరా!" అంది పాలవ్వ.

జనం ఇటు తిరిగేసరికి అక్క ఖాళీ చేతులు చూపించింది. "సంచిలో గంట లేదు," అంది. అప్పటికి అది నిజమే. "తాతా, మంత్రం రెండుసార్లే చదివావు. మూడోసారి చదవవా?"

తాత వంగి గుడ్డ పట్టుకున్నాడు. గుడ్డ కింద చేతికేదో బరువుగా తగిలింది. మూడోసారి మంత్రం చదివాడు. గుడ్డ తీస్తే, గంట!

దొంగ అన్నవాడే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. పాలవ్వ గంట ఊపింది. అది మోగలేదు.

"ఇంకా సగం మాయలోనే ఉంది, ఇటివ్వు అవ్వా," అని తాత జనానికి వీపు తిప్పి గంటను అరచేతిలో బోర్లించాడు. జొన్నలు జలజలా రాలాయి. అప్పుడు మోగింది. దూరంగా ఆవు తలెత్తి అంబా అంది.

అందరూ వెళ్లాక తాత మెల్లగా అడిగాడు. "ఎలా కనిపెట్టావు తల్లీ?"

"చెబితే ఇంక ఆటేముంది తాతా!"

ఆకలి చూసి ఊరు పోసిన జొన్నలవని అక్క చెప్పాక, సంచిలోవి తాత వండుకు తిన్నాడు. గంటలోంచి రాలిన గుప్పెడు మాత్రం కండువా అంచున ముడివేసుకున్నాడు. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎంత ఆకలేసినా ఆ ముడి విప్పలేదట.

ఎందుకంటారా? పొండి పొండి, అమ్మలు కంచాలు పెట్టి చూస్తున్నారు. మొదటి ముద్ద ఎత్తేటప్పుడు తడుతుందేమో చూడండి.