పాచికల బల్ల దగ్గర పెద్దన్న

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల మణిధరుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు ఓడెక్కి వెళ్ళి తిరిగి రాలేదు. అన్నను తీసుకొస్తానని నడిపివాడు రుద్రసేనుడు వెళ్ళాడు, వాడూ రాలేదు. రాజు మంచం పట్టాడు. పెద్దవాణ్ణి ఒక్కసారి చూపించరా అని చిన్నవాడైన కీర్తిసేనుడి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తల్లిలేని కీర్తిని ఎత్తుకుని పెంచింది ఆ పెద్దన్నే. ఇంకేం ఆగుతాడు పాపం, బయలుదేరాడు.

ఏడు సముద్రాలూ దాటితే ధూమ్రకంఠుడనే మాంత్రికుడి జూదశాల వచ్చింది. కిటికీ అన్నది లేదు. మెత్తటి పరుపులు, కూర్చున్నచోటికే పరమాన్నం; బందీగా ఉన్న వైజయంతి అనే కన్య తెచ్చి వడ్డిస్తుంది. ఆడేవాళ్ళు తమ ఆయుష్షును ముత్యాలుగా బల్ల కింది జాడీలో పోసి, బదులుగా బిళ్ళలు తీసుకుంటారు. లేచేటప్పుడు చేతిలో మిగిలిన బిళ్ళలకు ముత్యాలు వెనక్కిస్తారు. అన్నలిద్దరూ పాచికల బల్ల దగ్గరే ఉన్నారు. ఇద్దరికీ తల నెరిసిపోయింది. కీర్తి లేవమని బతిమాలితే, ఇంకొక్క పందెం అన్నారు.

మాంత్రికుణ్ణి ఆటలో ఓడిస్తే సరి అనుకున్నాడు మన పిచ్చి కీర్తి. కూర్చోబోతుంటే బల్ల కింద ఎలుక ఒకటి అంగీ పట్టుకుని లాగింది.

"కూర్చోకు నాయనా. ఎవరు గెలిచారో ఆయన చూడడు. నూరు పందేలు వేస్తే మూడో నాలుగో ఆయన వైపు ఎక్కువ పడతాయి, అంతే. ఏ జాడీలో ఎన్ని పోశారు, అందులో ఎన్ని ఉండిపోయాయి అనేదే ఆయన లెక్క. ఎంతసేపు కూర్చుంటే అంత ఎక్కువ ఉండిపోతాయి. పంజరంలో చిలకకు ఆ ఉండిపోయిన ముత్యాలే మేత. ఆయన ప్రాణం ఆ చిలకలో ఉంది."

అయితే అందరినీ లేపాలి అన్నాడు కీర్తి. ఎలుక తన చుట్టాలను పిలిచింది. ఎలుకలన్నీ కలిసి గోడకు కన్నం పెట్టాయి. ఎండ లోపల పడింది. ఆడేవాళ్ళు ఒకరి తెల్లజుట్టు ఒకరు చూసుకుని బావురుమన్నారు. బిళ్ళలిచ్చేసి, ఉన్న ముత్యాలు తీసుకుని లేచిపోయారు. రుద్రసేనుడూ లేచాడు. జయసేనుడు లేవలేదు.

"వెలుతురు కంట్లో పడుతోంది, కాస్త అడ్డు నిలబడు తమ్ముడూ" అన్నాడు.

పెంచిన చెయ్యి కదా, కీర్తి కాదనలేక నిలబడ్డాడు. జయసేనుడికి మిగిలింది ఒకే బిళ్ళ. జాడీలో ఉన్నదీ ఒకే ముత్యం. ఓడితే అన్న ప్రాణం చిలక నోట్లోకి పోతుంది. మాంత్రికుడే ఎదురు కూర్చున్నాడు. నూరు పందేల మీద బతికేవాడికి ఒక్క పందెం మీద ఏం పట్టుంటుంది? జయసేనుడు గెలిచాడు. రెండో ముత్యం ఇవ్వడానికి జాడీలో లేదు, చిలక కడుపులోంచే రావాల్సి వచ్చింది. మింగిన ముత్యం కక్కుతూనే చిలక రాలిపోయింది, మాంత్రికుడూ కూలిపోయాడు.

"పద అన్నయ్యా, నాన్న ఎదురుచూస్తున్నాడు."

"ఇప్పుడే కలిసొస్తోందిరా. నువ్వు పద, నేను వెనకే వస్తా."

ఎత్తుకుపోబోతే బల్లను కావలించుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. చూడలేక కీర్తి వదిలేశాడు. ఆ శాలలో బందీగా ఉండి అన్నం వడ్డించిన వైజయంతినీ, నడిపన్ననూ ఓడెక్కించుకుని ఇల్లు చేరాడు.

పెద్దవాడేడిరా అన్నాడు రాజు. వెనకే వస్తున్నాడు నాన్నా అన్నాడు కీర్తి. ఆ మాట పట్టుకుని గుమ్మం వైపు చూస్తూనే రాజు కన్నుమూశాడు.

కీర్తిసేనుడు వైజయంతిని పెళ్ళాడి, పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు. సింహాసనం మీద మాత్రం ఏనాడూ కూర్చోలేదు. పెద్దన్న వస్తాడు, అది ఆయనది అని పక్కనే చాప వేయించుకునేవాడు.