గోరువంక పొడిచిన గోడ

అనగా అనగా, ఉప్పుగాలికి ఇనుము సైతం చిక్కిపోయే ఒక రాతి తీరం. ఆ తీరాన ఒక దీపస్తంభం. రాత్రి దాని వెలుగు చూసి, పగలు దాని తెలుపు చూసి పడవలవాళ్లు రాళ్లను తప్పుకునేవారు.

ఏటేటా దానికి సున్నం వేసేవాడు అసిరయ్య. పనిమంతుడే, కాదనను. కాని వట్టి అనుమానం మనిషి. అన్నంలో రాయి తగిలితే పెళ్లాం కావాలనే వేసిందనుకునే రకం! పోయినేడు పది రోజుల పని ఏడు రోజుల్లో ముగించాడని రాజుగారు పట్టు తలపాగా ఇచ్చారు. అది తలకెక్కిన నాటినుంచి ఊరంతా తనమీద ఏడుస్తోందని మరీ అనుమానం.

ఈ ఏడు రాజుగారు ముందే కబురంపారు.

"పున్నమినాడు మా ఓడ ఆ రేవుకొస్తుంది. స్తంభం మల్లెపువ్వులా ఉండాలి. మచ్చ కనబడిందో, నీ కుంచె ఇంకొకరి చేతికి పోతుంది."

తాతల నాటి పని అది. అసిరయ్య గుల్లసున్నం నానబెట్టి, తుమ్మజిగురు కలిపి, పైనుంచి తాడుకు పీట కట్టుకుని, వేలాడుతూ గోడంతా తెల్లగా పూశాడు. గోడ బొక్కల్లో గోరువంకలు గూళ్లు పెట్టుకున్నాయి. వాటి జోలికి పోలేదు.

పున్నమి నాలుగు రోజులుందనగా, పొద్దున్నే వచ్చి చూస్తే ఏముంది! సముద్రం వైపు, నడిమి కిటికీ కింద అరచేయంత సున్నం రాలిపోయింది.

"ఇది పడవ ధనయ్య పనే! తన బామ్మర్దిని నాకు తోడు పెట్టుకోమన్నాడు, నేను వద్దన్నాను. ఆ కక్ష!" అనుకున్నాడు. రాలినచోట మళ్లీ పూసి, అడుగుజాడలు పట్టుకుందామని గుమ్మం ముందు తడి ఇసుక పరిచాడు. తెల్లవారి చూస్తే, దీపం పెట్టే కాసమ్మ అడుగులు తప్ప ఇసుకలో ఏమీ లేవు. గోడమీద మచ్చ మాత్రం పళ్లెమంత అయింది.

"అయితే కాసమ్మే! నిన్న నన్ను చూసి నవ్వింది. ఊరికే నవ్వుతారా ఎవరైనా?" మళ్లీ పూసి, ఈసారి కిటికీకి అడ్డంగా సన్నని దారం కట్టాడు. తెల్లవారింది. దారం కట్టింది కట్టినట్టే ఉంది. మచ్చ చేటంత అయింది.

మూడోసారీ పూసి, మర్నాడు కోడికూతకే వెళ్లి రాతిచాటున నక్కాడు. తెలతెలవారుతుండగా ఒక గోరువంక వచ్చి వాలి టకటకమని గోడ పొడిచింది.

"దొరికింది దొంగ!" అంటూ అసిరయ్య పైకెక్కి, పీటమీద దిగి, కొక్కెం కర్రతో గూడు లాగబోయాడు. లోపల నాలుగు పిల్లలు ఎర్రగా నోళ్లు తెరిచాయి.

"అసిరయ్యా! నా పిల్లలేం చేశాయి నిన్ను?" అంది గోరువంక.

"నా నోటికాడి కూడు పడగొడుతున్నావు కదే! ఎవరు పంపారు నిన్ను? ధనయ్యా, కాసమ్మా?"

"నా పిల్లల ఆకలి పంపింది. ఈ సున్నం వెనక పురుగులున్నాయి. ఇంత గోడ వదిలి ఇక్కడే ఎందుకు పొడుస్తానో తట్టి చూడు. ఆపైన నీ ఇష్టం."

"పిట్ట మాట కూడా నమ్మాలా, నా ఖర్మ!" అని గొణుగుతూనే తట్టాడు. పక్కన తడితే గట్టిగా పలికింది. అక్కడ తడితే ఖాళీ కుండలా పలికింది. గట్టిగా గుద్దితే పెచ్చు ఊడి పడింది. వెనకాల చెయ్యి పట్టేంత నెర్రె, చెమ్మ, పురుగులు.

ఆ నెర్రె అసిరయ్యకు తెలుసు. పోయినేడు వేలెడు సందు అది. మేస్త్రిని పిలిపిస్తే మూడు రోజులు పడుతుందని, దానిమీద దట్టంగా సున్నం మెత్తేశాడు. ఆ మూడు రోజులకే పట్టు తలపాగా వచ్చింది! ఏడాదిగా ఉప్పునీరు లోపలికి దిగుతూనే ఉంది.

రేపే పున్నమి. మళ్లీ మెత్తితే మల్లెపువ్వే, ఎవరికీ తెలియదు. కుంచె ముంచాడు కూడా. అప్పుడే కింద ధనయ్య పడవ రాళ్లు తప్పుకుంటూ, ఈ స్తంభాన్నే చూసుకుంటూ సాగిపోయింది. అసిరయ్య కుంచె పక్కన పెట్టేశాడు.

పున్నమినాడు రాజుగారు ఓడ దిగారు. తెల్లని గోడమీద నల్లని నెర్రె.

"ఎవరి పని ఇది?"

అసిరయ్య తలపాగా తీసి ఆయన పాదాల దగ్గర పెట్టాడు.

"నా పనే మహారాజా! పోయినేడు దీన్ని మూయించకుండా కప్పేశాను."

రాజుగారి వెంట వచ్చిన తాపీమేస్త్రి నెర్రెలో కర్ర దూర్చాడు. మూరెడు దిగింది. "మళ్లీ కప్పేసి ఉంటే ఈ వానాకాలం దాటేది కాదు ప్రభూ, కూలిపోయేది" అన్నాడు.

రాజుగారు తలపాగా చేతికి తీసుకున్నారు.

"కుంచె నీ దగ్గరే ఉంచుకో. తలపాగా నేను తీసుకుపోతాను" అన్నారు.

మేస్త్రి నెర్రె పూడ్చాడు, గూటి బొక్క మాత్రం ముట్టుకోలేదు. అసిరయ్య ధనయ్య ఇంటికెళ్లి అతని బామ్మర్దిని పనికి పిలిచాడు. కాసమ్మ ముందు తల దించుకుని, దారం సంగతి ఒప్పుకున్నాడు.

"కడుతుంటే చూశాన్లే నాయనా" అంది కాసమ్మ. "అడిగుంటే, అక్కడ చెమ్మ దిగుతోందని నేనే చెప్పేదాన్ని."

అప్పటినుంచి ఆ తీరాన సున్నం వేసేముందు గోడంతా వేళ్లతో తట్టి చూడడం ఆచారమైంది.

కనుక పిల్లలూ, ఒకరిని అనుమానించేముందు మన చేతి పనిని మనం ఒకసారి తట్టి చూసుకోవాలి.