నత్తగుల్ల ఎందుకు పలకదు

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతే. మా రేవులో పిల్లలు అడిగితే చెప్పే కథ ఇది. తప్పులుంటే సర్దుకోండి.

ఒకప్పుడు సముద్రం రాళ్ళ మీద నుంచి కదిలేదే కాదు. ఆ నీళ్ళలో నత్తగుల్ల హాయిగా బతికేది. దాని గుమ్మానికి తలుపుంది గానీ ఎప్పుడూ వేసేది కాదు. మహా మర్యాదస్తురాలు. ఎవరు పలకరించినా బదులు చెప్పాల్సిందే.

ఒకరోజు చందమామ, నిన్ను చూడాలని ఉందని చెల్లెలు సముద్రానికి కబురు పెట్టాడు. ఇకనుంచి రోజుకి రెండుసార్లు అన్నయ్య దగ్గరికి వెళ్ళొస్తానంది సముద్రం. పీత పరిగెత్తి తడి సందులో దూరింది. నత్తగుల్ల పరిగెత్తలేదు కదా, ఎండకి మాడి చచ్చిపోతానని ఏడ్చింది.

"గుక్కెడు నీళ్ళు లోపల దాచుకుని తలుపేసుకో. నేనొచ్చేదాకా తియ్యకు," అని చెప్పి సముద్రం వెళ్ళిపోయింది.

కాసేపటికి పీత అటుగా పోతూ, "ఏం వదినా, తిన్నావా?" అంది.

అడిగితే చెప్పకపోతే ఏం బాగుంటుంది? నత్తగుల్ల తలుపు తీసి తిన్నానంది. సగం నీళ్ళు ఒలికిపోయాయి. పీతకి కబుర్లంటే ప్రాణం. ఇంకో చుట్టు తిరిగొచ్చి ఏం కూర అని అడిగింది. నాచు కూరని చెప్పేసరికి ఇంకాసిని పోయాయి.

ఎండ నడినెత్తికొచ్చింది. రాయి పెనంలా కాలుతోంది. లోపల ఒక్క చుక్కే మిగిలింది. అప్పుడు మళ్ళీ పీత.

"మధ్యాహ్నం తిన్నావా వదినా?"

నత్తగుల్ల పలకలేదు.

"అబ్బో, తలుపున్న ఇల్లని గొప్ప కాబోలు," అని పీత దెప్పింది. కాలితో టకటకా తలుపు కొట్టింది. లోపల నత్తగుల్ల సిగ్గుతో ముడుచుకుపోయింది గానీ తలుపు తియ్యలేదు. పీత మూతి తిప్పుకుని పోయింది.

సాయంత్రం సముద్రం తిరిగొచ్చింది. చల్లటి అల మీద పడగానే నత్తగుల్ల తలుపు తీసి, ముందు పీతనే పిలిచింది.

"వదినా, నువ్వడిగిందానికి ఇప్పుడు చెబుతున్నా. ఇంకా తినలేదు. రా, కలిసి తిందాం."

పీతకి నవ్వొచ్చింది. ఇద్దరూ కడుపునిండా నాచు తిన్నారు.

అప్పటినుంచే, సముద్రం వెనక్కి పోయిందంటే నత్తగుల్ల తలుపు బిగించుకుంటుంది. ఎవరు తట్టినా పలకదు. నీళ్ళొచ్చాకే తీస్తుంది.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. గుల్లలన్నీ మూసుకుని ఉన్నాయి. గుంటలో నీళ్ళు దోసిట్లో తీసి ఒకదాని మీద పోస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు కొంచెం తెరిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, తిన్నావా అని అడిగాను.