ఓబులమ్మ వీధి

వెనకటికి ఒక కోటపేటలో మంత్రసాని ఓబులమ్మ పోయి ఏడాదైనా కాలేదు, ఆమె పేరుతో పిలిచే వీధికి తన పేరు పెట్టాలని కోట సేనకు పెద్దయిన దళవాయి రంగప్ప హుకుం జారీ చేశాడు. ఓబులమ్మ కూతురు చెంచమ్మ కూడా మంత్రసానే. తల్లి గుర్తుగా ఆమెకు మిగిలింది ఆ పేరొక్కటే. నేరుగా దళవాయి మేడకెళ్లి దండం పెట్టింది.

"అలాగే కానివ్వండి దొరా! నొప్పులొచ్చిన ఆడవాళ్లను బండెక్కించుకుని పొరుగూళ్లవాళ్లు ఓబులమ్మ వీధి ఎక్కడని అడుగుతూ నా గడపకొస్తారు. ఇకపై దళవాయి పేరు చెప్పి అడుగుతారు. జనం ఈ మేడే చూపిస్తారు. కాస్త వేణ్ణీళ్లు కాచి ఉంచండి."

మీసం దువ్వుతున్న రంగప్ప చెయ్యి ఆగిపోయింది.

"వద్దులే, పాత పేరే ఉండనీ" అని, గొంతు తగ్గించి, "నేను పుట్టినప్పుడు మా అమ్మకు పురుడు పోసిందీ ఆవిడేనట కదే?" అన్నాడు.

"ఔను దొరా, తమరు బయటికి రానని రెండు జాములు మొండికేశారట. అయినా అమ్మ విసుక్కోలేదంట" అంటూ చెంచమ్మ కళ్లొత్తుకుని నవ్వింది.