పచ్చబడితే తీసుకురండి

బోడివలసలో తెలివి వారి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా నవ్వుకుంటూ చూపిస్తారు. తెలివి అన్నది వాళ్ళ ఇంటిపేరు లెండి. రేషను కార్డులో ఉంది, వీధి గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. అంతకు మించి ఆ ఇంట్లో తెలివి ఎక్కడుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇంటి పెద్ద తెలివి గవరయ్య. ఆయనకొకటే పట్టు. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, మాట పొల్లు పోకూడదు. ఒకసారి భార్య నూకాలమ్మ "నీళ్ళకెళ్ళొస్తా, పొయ్యి మీద అన్నం చూస్తుండు" అంది. అంతే. పీట వేసుకుని కూర్చుని చూశాడు. ఉడుకుతుంటే చూశాడు, మాడుతుంటే చూశాడు, కుండ పగిలితే అదీ చూశాడు. "రెప్ప కూడా వెయ్యలేదే!" అని చెబితే నూకాలమ్మ మురిసిపోయింది. ఆమె ఏరి కోరి ఆ ఇంటికొచ్చిన కోడలు మరి.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పైడమ్మకి పెళ్ళైన ఏడేళ్ళకి కడుపు పండింది. టౌను ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. గవరయ్య ఆనందం అంతా ఇంతా కాదు. పిల్లాడి అరచెయ్యి తన బొటనవేలంత కూడా లేదని ఆసుపత్రిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

మూడో రోజు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ అందరినీ నిలబెట్టింది.

"బాబు కాస్త ముందుగా పుట్టాడు. నిద్రమత్తు ఎక్కువ. ఆకలేసినా ఏడవడు. నిద్రపోతున్నాడు కదా అని వదిలెయ్యకండి, రెండు గంటలకోసారి పాలు పట్టండి. రోజుకి ఆరు గుడ్డలైనా తడవాలి. పచ్చబడితే వెంటనే తీసుకురండి. ఈ వారం మాత్రం కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోండి."

"మాట పొల్లు పోదమ్మా" అన్నాడు గవరయ్య.

దారి పొడుగునా వేళ్ళు మడిచి వల్లె వేశాడు. బోడివలస చేరేసరికి ఆటో అతనికి కూడా కంఠతా వచ్చేసింది.

గుమ్మంలో పక్కింటి పెద్దావిడ సింహాచలమ్మ దిష్టి తీసి, పిల్లాడి తల మీద చెయ్యి వేసి, "నూరేళ్ళు పచ్చగా ఉండు నాయనా" అని దీవించింది. గవరయ్య కళ్ళు చెమర్చాయి. ఆ మాట కూడా ఒక వేలు మడిచి దాచుకున్నాడు.

ఇంట్లోకి వచ్చేసరికి పదకొండైంది. పిల్లాడు కన్ను తెరవలేదు.

"అమ్మా, పాలొచ్చి సలిపేస్తోంది. వీడికి పట్టెయ్యనా?" అంది పైడమ్మ.

గడియారం ముందు పీట వేసుక్కూర్చున్న గవరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా! రెండు గంటలకోసారి అంది డాక్టరమ్మ. ఇప్పుడు పదకొండే."

పైడమ్మ ఆగింది. ఆమె కూడా ఆ ఇంటి పిల్లే కదా. కానీ పాలకి ఇంటిపేరుండదు, అవి వాటి వేళకి వచ్చేస్తున్నాయి. చీర తడిసిపోయింది, కళ్ళూ తడిశాయి.

రెండు కొట్టిందో లేదో గవరయ్య కేక పెట్టాడు. "పట్టండి!"

అల్లుడు అప్పలకొండ పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ దోసిలి పట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఎటు నుంచి పట్టమంటారు మావయ్యా? నా చేతులు చిన్నవి, ఒలికిపోతే నన్ననొద్దు."

"నువ్వు పట్టేదేంటి బాబూ, అది ఆడవాళ్ళు పట్టేది" అని నూకాలమ్మ అల్లుణ్ణి బయటికి తోసింది. పిల్లాడు నాలుగు గుక్కలు తాగి మళ్ళీ పడుకున్నాడు.

నాలుగింటికి పైడమ్మ మళ్ళీ పట్టబోయింది. "అప్పుడేనా? ఇక తెల్లవారుజామున రెండింటికే" అన్నాడు గవరయ్య. పైడమ్మ బావురుమంది. కూతురు ఏడిస్తే నూకాలమ్మకి బుర్ర పనిచేస్తుంది.

"ఏవయ్యా, డాక్టరమ్మ రెండింటికి అందా, రెండు గంటలకి అందా?"

"రెండు గంటలకి."

"మరదే! గంటలయ్యా, గంటలు! రెండు గంటలు కొట్టి పట్టమంది. దీన్ని పట్టుకుని పొద్దుట్నించి పిల్లని ఏడిపించావా?"

గవరయ్య నాలిక్కరుచుకున్నాడు. ఇంకేముంది! దేవుడి గూట్లో గంట ఒకటి వచ్చింది, గిత్త మెడలో గంట ఒకటి వచ్చింది. ఇద్దరూ చెరో వైపు నిలబడి వాయించారు. పిల్లాడు ఉలిక్కిపడి నోరు తెరిచాడు. పైడమ్మ ఎత్తుకుని పాలిచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకర్నొకరు చూసుకుని పొంగిపోయారు. అప్పటి నుంచి పైడమ్మ "అమ్మా" అంటే చాలు, గంటలు మోగేవి. ఎడ్లు లేని బండి ఎటు పోతోందా అని వీధిలో వాళ్ళు తొంగి చూసేవారు.

మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ పత్తి తీసి వత్తులు చేసింది. "ఎవరి కళ్ళల్లో వేసుకోవాలి?" అన్నాడు అప్పలకొండ. "చూసేవాళ్ళ కళ్ళల్లో" అంది నూకాలమ్మ. కన్నతండ్రి కంటే బాగా ఎవరు చూస్తారు? అంతే. ఆముదంలో ముంచిన వత్తులు రెండు కళ్ళ మూలల్లో పెట్టుకుని అప్పలకొండ ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, ఎదురుగా ఉన్నది ఉయ్యాలో గోడో తెలియట్లేదు.

"ఎలా ఉన్నాడు బాబూ?" అనేది అత్తగారు.

"వత్తులు బాగానే ఉన్నాయత్తా, వాడే కనబడట్లేదు" అనేవాడు.

అది ఇంకా నయం. గుడ్డల సంగతి వినండి. సాయంత్రం గవరయ్య లెక్క చూస్తే రెండే తడిశాయి. ఆరు తడవాలి కదా! అటూ ఇటూ తిరిగాడు, ఆలోచించాడు. గబగబా నాలుగు పొడి గుడ్డలు తీసి నూతి దగ్గర బకెట్లో ముంచి, ఆరూ దండెం మీద వరసగా ఆరేశాడు.

"రెండు వాడు తడిపాడు, నాలుగు నేను తడిపాను. ఎవరు తడపాలో డాక్టరమ్మ చెప్పలేదుగా!" అన్నాడు. ఆ రాత్రి తాత హాయిగా నిద్రపోయాడు. మనవడూ నిద్రపోయాడు. అసలు మనవడు చేస్తున్న పని అదొక్కటే.

మూడో పొద్దుకి పిల్లాడి మొహం పచ్చబడింది. మధ్యాహ్నానికి ఆ రంగు గుండె దాకా దిగింది. మొదట చూసింది నూకాలమ్మే.

"ఏవయ్యా, ఇలా రా! మనవాడు పచ్చగా ఉన్నాడు!"

గవరయ్య చూశాడు. నిజమే, మేలిమి పసుపు. "సింహాచలమ్మ దీవెన ఎంత తొందరగా పట్టిందే! నూరేళ్ళు పచ్చగా ఉండమంది, మూడో రోజుకే మొదలెట్టేశాడు" అన్నాడు. ఇంటింటికీ బెల్లం ముక్క పంచి వచ్చాడు.

పైడమ్మకి మాత్రం మనసు కుదురుగా లేదు. "నాన్నా, పచ్చబడితే తీసుకురమ్మంది కదా డాక్టరమ్మ?"

గవరయ్య గబుక్కున కండువా అందుకోబోయాడు. మళ్ళీ తమాయించుకున్నాడు. "పచ్చంటే ఏంటమ్మా? చెట్టేమిటి? పచ్చ. చేనేమిటి? పచ్చ. అంటే ఆకుపచ్చ. ఇది పసుపు. ఇది దీవెన, అది రోగం. నాకా మాత్రం తెలియదా?" అని తాంబూలం పళ్ళెంలోంచి ఒక లేత తమలపాకు తీసి, దారం కట్టి, ఉయ్యాలకి వేలాడదీశాడు. "వీడు ఈ రంగుకి రాగానే తీసుకెళ్ళిపోదాం. నేను చూస్తుంటాను."

చూశాడు. పూటకి పదిసార్లు ఆకు పిల్లాడి బుగ్గకి ఆనించి చూశాడు. ఆకు ఆకే, బుగ్గ బుగ్గే. హమ్మయ్య అనుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. పిల్లాడి పసుపు పొట్ట దాటి తొడల్లోకి దిగింది. రొమ్ము నోట్లో పెడితే పట్టుకోవట్లేదు, పాలు పెదవి చివర నుంచి కారిపోతున్నాయి. ఆ మధ్యాహ్నం పైడమ్మ "అమ్మా" అంది. గవరయ్య దేవుడి గంట కొట్టాడు. నూకాలమ్మ గిత్త గంట కొట్టింది. పిల్లాడు కదల్లేదు. మళ్ళీ కొట్టారు. చెవి దగ్గర పెట్టి కొట్టారు. కనురెప్ప కాస్త అదిరింది, అంతే.

నూకాలమ్మ చేతిలో గంట జారి కింద పడింది. గవరయ్యకి మొదటిసారి ఏం చెయ్యాలో డాక్టరమ్మ మాటల్లో దొరకలేదు. రెండు గంటలూ కొట్టాక కూడా లేవకపోతే ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు. ఆకు వంక చూశాడు.

పైడమ్మ కూడా చూసింది. ఒక్క అరుపు అరిచింది.

"నాన్నా! ఆకు చూడు!"

రెండు రోజులుగా వేలాడిన తమలపాకు పండిపోయింది. అచ్చం పిల్లాడి రంగు.

"ఆకుపచ్చ అయ్యాక పసుపు అవుతుంది నాన్నా! వీడు మనం చూడనప్పుడు ఆకుపచ్చ దాటేసి పండిపోయాడు! పండుటాకు ఎంతసేపు నిలుస్తుంది నాన్నా?"

పైడమ్మ తెలిసి అందో, తెలియక అందో దేవుడికెరుక. గవరయ్యకి మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఏడేళ్ళకి కాసిన కాయ. బొటనవేలంత లేని చెయ్యి. పిల్లాణ్ణి కండువాలో చుట్టి గుండెకి హత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. వెనకాల పైడమ్మ, నూకాలమ్మ, కళ్ళల్లో వత్తులతో తడుముకుంటూ అప్పలకొండ. ఆకు కూడా పట్టుకెళ్ళారు, డాక్టరమ్మకి చూపించాలని.

డాక్టరమ్మ పిల్లాణ్ణి చూసింది, ఆకుని చూసింది, అప్పలకొండని చూసింది. రక్తం పరీక్షకి పంపించి, అప్పుడు అడిగింది. గవరయ్య ఒక్క పొల్లు పోకుండా అంతా చెప్పాడు. ఆమెకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టింది.

"కామెర్లయ్యా ఇవి! పాలు కడుపు నిండా తాగి, విరేచనమైతేనే ఈ పసుపు ఒంట్లోంచి పోతుంది. మీరు పాలకి అడ్డం పడి, నీళ్ళ బకెట్లో గుడ్డలు ముంచుతారా? ఇంకొక్క రోజు ఆగితే బతుకంతా ఏడ్చేవాళ్ళు."

గవరయ్య నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పిల్లాడికి కళ్ళకి గంతలు కట్టి, నీలం లైటు కింద పడుకోబెట్టారు. గంతలెందుకని అడిగితే లైటు కళ్ళకి తగలకూడదంది నర్సమ్మ. బట్టలు విప్పి, అరికాలు మెల్లగా రాసి పిల్లాణ్ణి ఎలా లేపాలో పైడమ్మకి డాక్టరమ్మే దగ్గరుండి చూపించింది. పొద్దు పొడిచినా వాలినా, గడియారంలో చిన్న ముల్లు రెండు అంకెలు దాటగానే పాలు. మొదటి రోజు తల్లి పాలు పిండి చెంచాతో పట్టారు. రెండో రోజు పిల్లాడు రొమ్ము పట్టాడు. మూడో రోజు కెవ్వుమని ఏడ్చాడు. ఆ ఏడుపు విని తెలివి వారంతా వరండాలో నిలబడి నవ్వారు.

పంపించేటప్పుడు డాక్టరమ్మ గవరయ్యని పక్కకి పిలిచింది. "ఇరవై ఒకటో రోజు బాబుని ఒకసారి చూపించాలి. ఇంకో మాట. ఆకుపచ్చో పసుపుపచ్చో నీకు అనవసరం. అర్థాలు తియ్యకు. పచ్చగా కనబడితే చాలు, ఒక్క నిమిషం ఆగకుండా తీసుకొచ్చెయ్యి. తెలిసిందా?"

"ఈసారి ఆలస్యం చేస్తే నా పేరు గవరయ్య కాదమ్మా" అన్నాడు.

ఇరవై ఒకటో రోజు బారసాల. పిల్లాడు బుగ్గలు ఎర్రబారి, గంటలు అక్కర్లేకుండానే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. గవరయ్య పొద్దున్నే అద్దె ట్రాక్టరులో తెప్పించిన టెంటు కర్రలు పాతించి, చెమట తుడుచుకుంటూ నడవలోకి వచ్చాడు. వచ్చి, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

పదకొండు మంది పేరంటాళ్ళు చాప మీద కూర్చున్నారు. నూకాలమ్మ ఒక్కొక్కరికే పసుపు రాస్తోంది. కాళ్ళు పచ్చ. చేతులు పచ్చ. మొహాలు పచ్చ. అందరికంటే పచ్చగా సింహాచలమ్మ.

ఈ పసుపు ఆయన పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఇన్నాళ్ళూ చూసిన కళ్ళు వేరు, ఇప్పుడు తెరుచుకున్న కళ్ళు వేరు.

"అల్లుడు గారూ! ట్రాక్టరు తియ్యండి! అందరూ పచ్చబడ్డారు!"

ఇంకేముంది! మావా అల్లుళ్ళిద్దరూ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి లేపి ట్రాక్టరు వెనక ట్రక్కులో ఎక్కించేశారు. తేలిగ్గా ఉన్నవాళ్ళని ఎత్తి పెట్టేశారు.

"ఎక్కడికి రా గవరయ్యా?" అంది సింహాచలమ్మ.

"లైటు కిందికి పెద్దమ్మా, లైటు కిందికి! భయపడకండి, నేనున్నాను!"

ఫొటో తీయించడానికి కాబోలనుకుని పేరంటాళ్ళు కొంగులు సర్దుకుని కూర్చున్నారు. అక్కా నువ్వు మధ్యలో నిలబడు, కాదు నువ్వు నిలబడు అని దారంతా వాదులాడుకున్నారు.

ఆసుపత్రి ముందు ట్రక్కు ఆగింది. డాక్టరమ్మ బయటికొచ్చి చూసి గుమ్మం పట్టుకుంది.

"పదకొండు మందమ్మా. ఒక్క నిమిషం ఆగలేదు" అన్నాడు గవరయ్య రొప్పుతూ.

"బాబేడయ్యా? ఇవాళ చూపించాల్సింది వాణ్ణి కదా?"

"వాడికేమమ్మా, ఎర్రగా ఉన్నాడు. పచ్చబడని వాణ్ణి తేవడానికి నాకు తెలివి లేదా?"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోగా గవరయ్య చూపు తన చేతుల మీద పడింది. పదకొండు మందిని ఎక్కించి దించిన చేతులు. మోచేతుల దాకా పచ్చ.

"అయ్యో" అన్నాడు మెల్లగా. గబగబా లోపలికెళ్ళి, నీలం లైటు గదిలో పెద్దవాళ్ళ మంచం లేదని కటిక నేల మీదే వెల్లకిలా పడుకుని, కండువా తీసి కళ్ళకి గంతలు కట్టుకున్నాడు.

"అల్లుడు గారూ, నాకు నిద్ర ముంచుకొస్తోంది. వదిలెయ్యకండి. రెండు గంటలకోసారి నాకు పాలు పట్టండి" అన్నాడు.

ఆ మాట విన్న అప్పలకొండ గంటల కోసం ట్రాక్టరెక్కి ఇంటికి బయలుదేరాడు.