పాటల బీరువా

చింతలమెరకలో మైకుసెట్టు వారి ఇంటి అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు ముత్యాలు, నడిమివాడు పోతురాజు, చివరివాడు బంగారయ్య. దేవుడు ఊళ్ళో తెలివి పంచడానికి వచ్చినప్పుడు బండి తమ గుమ్మం ముందే ఖాళీ అయిపోయిందని వాళ్ళ గట్టి నమ్మకం. మిగతా ఊరి మీద జాలి కూడా పడేవారు పాపం. ముగ్గురికీ వండి పెట్టేది మేనత్త అప్పాయమ్మ. బండి గురించి ఆవిడ అభిప్రాయం వేరేగా ఉండేది గానీ, పైకి చెప్పేది కాదు.

అప్పాయమ్మ ఒకప్పుడు ఊడ్పుల్లో పాట ఎత్తుకుంటే నాలుగు చేల అవతల కూలీలు ఆగి వినేవారు. ఇప్పుడు గొంతు బొంగురుపోయింది. పోకముందే, బోరు మెకానిక్కు గారి అమ్మాయి హిమజ అరుగు మీద కూర్చోబెట్టి నలభై పాటలు రికార్డు చేసింది. హిమజ విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగి. ఆ పాటలన్నీ బిస్కెట్ల డబ్బా అంత పెట్టెలో పెట్టి, బస్సు షెల్టరులో ఉంచమని అన్నదమ్ములకి అప్పగించింది.

"బాబాయ్, ఎవరైనా ఫోను దగ్గర పెట్టి మీట నొక్కితే పాట ఫోన్లోకి వెళుతుంది. అంతా ఉచితం. ఎవరికీ లేదనకండి. పెట్టె ఎలా చేశానో ఈ కాగితం మీద గీశాను, దాన్నీ దాచకండి. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, బాగుచెయ్యొచ్చు. ఇంకా ఏమేం సదుపాయాలు కావాలో జనాన్ని అడిగి, అన్నీ కలుపుదాం."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మా. మాకు ఒక్కసారి చెబితే చాలు," అన్నాడు ముత్యాలు.

అప్పాయమ్మకి మాత్రం ఒకటే ఆత్రం. చిన్నప్పటినుంచి తనతో జట్టుగా పాడిన సూరమ్మ ఆదివారం పది గంటల బస్సులో ఈ ఊరి మీదుగా వెళుతోంది. కొడుకు దగ్గర ఉండిపోవడానికి దూరం పోతోంది. మళ్ళీ ఎప్పుడు కనబడుతుందో తెలియదు. బస్సు ఆగేది పది నిమిషాలు. "ఒరే, ఆ పది నిమిషాల్లో నా పాటలు దాని ఫోన్లోకి ఎక్కాలి. అది తప్పితే నాకు ఇంకేం వద్దురా," అంది. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళు తడిశాయి.

ఇంకేముంది, ముగ్గురూ టీకొట్టు దగ్గర సభ పెట్టారు. పాటల పెట్టెలో ఏమేం ఉండాలి?

"వినేటప్పుడు కూర్చోడానికి కుర్చీ ఉండాలండి," అన్నాడు పోస్టుమాను. "ఉక్కపోత కదండీ, ఫ్యానుంటే బాగుంటాది," అంది కూరగాయలావిడ. బస్సొచ్చేలోగా తల దువ్వుకోడానికి అద్దం కావాలన్నారొకరు. కూజాలో మంచినీళ్ళన్నారొకరు.

బంగారయ్య అన్నీ రాసుకున్నాడు. రాసుకుని పెట్టె వంక చూశాడు. "అన్నియ్యా, ఇందులో కుర్చీ పట్టదు."

"కుర్చీ చిన్నది చేద్దాం," అన్నాడు పోతురాజు.

"అందులో కూర్చునే మనిషినెక్కడ తెస్తావురా? పెట్టే పెద్దది కావాలి," అన్నాడు ముత్యాలు. ఆ తెలివికి తమ్ముళ్ళిద్దరూ మురిసిపోయారు.

అంతే. ఇంట్లో ఉన్న చెక్క బీరువాలోంచి అప్పాయమ్మ చీరలు మంచం మీద కుమ్మరించి, అరలు పీకేసి, లోపల కుర్చీ, ఫ్యాను, అద్దం, కూజా, మధ్యలో హిమజ పెట్టె అమర్చారు. షెల్టరులో నిలబెట్టి హిమజకి ఫోను చేశారు.

"బీరువానా! వద్దు బాబాయ్. ఒక్క మనిషి ఎత్తగలిగినంతే ఉండాలి," అందామె.

ఏది తీసెయ్యాలా అని ముగ్గురూ తలలు పట్టుకున్నారు. కుర్చీ తీస్తే పోస్టుమానుకి కోపం. ఫ్యాను తీస్తే కూరగాయలావిడ ఊరుకోదు. బంగారయ్య పరుగెత్తి రైసుమిల్లు హమాలీ గంటయ్యని తీసుకొచ్చాడు. గంటయ్య బీరువాని కుర్చీతో సహా వీపు మీదికి ఎత్తి, మూడడుగులు వేసి, దించాడు.

"సరిపోయింది. ఒక్క మనిషే ఎత్తాడు," అన్నాడు ముత్యాలు. ఆ సమస్య తీరింది.

"ఇంత బరువు మోశాను కదండీ, నాకూ ఓ పాట ఇప్పించండి," అని గంటయ్య ఫోను దగ్గర పెట్టాడు. హమాలీ బొటనవేలాయె, నొక్కగానే 'అన్నీ' అన్న మీట పడింది. నలభై పాటలూ అతని ఫోన్లోకి వెళ్ళిపోయాయి. అతను వింటూ మిల్లుకి పోయాడు.

బంగారయ్య బావురుమన్నాడు. "అన్నియ్యా! నలభై పాటలూ పట్టుకుపోయాడు! సూరమ్మత్తకేం మిగిలింది?"

"అడిగినవాడికి లేదనకూడదంది కదా," అన్నాడు పోతురాజు.

"లేదనొద్దంది గానీ, పెట్టెని ఖాళీగా ఉంచమందా?" అన్నాడు ముత్యాలు. "పొరుగింటోళ్ళు గిన్నెలో కూర పంపితే అత్త ఏం చేస్తాది? ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపదు. కాస్త పంచదారేసి పంపుద్ది. పాటకో చెంచా లెక్కన పొయ్యండిరా."

పాటలు నలభై కాబట్టి నలభై చెంచాల పంచదార పెట్టె కన్నాల్లోంచి లోపలికి పోశారు. మర్నాడు పొద్దున్నకి ఊళ్ళో చీమలన్నీ షెల్టరులోనే ఉన్నాయి. చీమలు పోవాలంటే కడగాలి. కడిగితే శుభ్రంగా కడగాలి. కుంకుడుకాయ రసంతో పెట్టెని కాలవలో బాగా రుద్ది, బీరువా మీద ఎండలో ఆరబెట్టారు. పెట్టె తళతళా మెరిసింది. మీట నొక్కితే మాత్రం బుడగ ఒకటి వచ్చింది.

ఆదివారం తొమ్మిదింటికి హిమజ వచ్చి చూసి, కూలబడింది. "బాబాయ్, నా కంప్యూటరు కూడా చెడిపోయింది. పాటలు ఇంకెక్కడా లేవు!" అప్పాయమ్మ షెల్టరు గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడని అలా చూసి అన్నదమ్ములు ముగ్గురూ గొల్లుమన్నారు. తెలివితక్కువ వాళ్ళే గానీ, అత్తంటే వాళ్ళకి ప్రాణం.

"ఆ దొంగ గంటయ్యే అన్నీ పట్టుకుపోయాడు!" అన్నాడు బంగారయ్య ఏడుస్తూనే.

హిమజ చటుక్కున లేచింది. మిల్లు నుంచి గంటయ్యని పిలిపించింది. అతని ఫోన్లో నలభై పాటలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సంచిలోంచి ఇంకో పెట్టె తీసి, పావుగంటలో అన్నీ అందులోకి ఎక్కించి బీరువాలో పెట్టింది. ముత్యాలు ఫోన్లోకి తొంగి చూశాడు, పెట్టెలోకి తొంగి చూశాడు.

"అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయేంటమ్మా?"

"అంతే బాబాయ్. దీంట్లోంచి ఎంతమందికి ఇచ్చినా తరగదు. లోపలున్నది లోపలే ఉంటుంది, ఇంకోటి వాళ్ళతో వెళుతుంది."

ముగ్గురూ ఈ మాట బాగా గుర్తుపెట్టుకున్నారు. అదే కొంప ముంచింది.

పది గంటలకి బస్సు వచ్చింది. సూరమ్మ దిగింది. హిమజ మీట నొక్కింది, పాటలు ఎక్కాయి. మొదటిది మోగగానే ముసలమ్మలిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని విన్నారు. "పాటలిచ్చావు, బాగానే ఉంది అప్పాయీ," అంది సూరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వెక్కడే? నాలుగు నెలలు నాతో వచ్చి ఉండకూడదూ?"

"రావాలనే ఉందే. ఈ ముగ్గురికీ అన్నం ఎవరు పెడతారు?"

అన్నదమ్ములు పక్కకెళ్ళి గుసగుసలాడారు. ఏంటని హిమజ అడిగే లోపలే ముగ్గురూ వచ్చి అత్తని రెక్క పట్టుకుని బీరువాలో కుర్చీ మీద కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, తలుపు మూశారు. పోతురాజు మీట నొక్కాడు. బంగారయ్య నలభై దాకా లెక్కపెట్టాడు. తలుపు తీసి, ఆవిడని బయటికి తెచ్చి, బస్సెక్కించి సూరమ్మ పక్క సీట్లో కూర్చోబెట్టారు.

"ఏంట్రా ఇది?" అంది అప్పాయమ్మ.

"దిగులు పడకత్తా, నువ్వు హాయిగా వెళ్ళిరా. లోపలున్న అత్త మాకు వండి పెడతాది."

ఆవిడకి సంగతి అర్థమైంది. నలభై ఏళ్ళుగా వండుతున్న చేతుల వంక ఒకసారి చూసుకుంది. తర్వాత కిటికీ వైపు జరిగి, "రైట్, రైట్!" అని కండక్టరు కంటే ముందు తనే కేకేసింది. బస్సు మలుపు తిరిగేదాకా ముసలమ్మల నవ్వులు వినబడుతూనే ఉన్నాయి.

ముగ్గురూ బీరువా తలుపు తీశారు. కుర్చీ ఖాళీగా ఉంది.

"అత్త లేదేంటి అన్నియ్యా?"

"అప్పుడే ఎలా వస్తాదిరా? పాటలెక్కడానికే పావుగంట పట్టింది. అత్త పెద్ద మనిషి."

తలుపు మూసి, ఇంటికెళ్ళి కంచాలు తెచ్చుకుని, బీరువా ముందు వరసగా కూర్చున్నారు. హిమజ ఎంత చెప్పినా కదల్లేదు. మధ్యాహ్నం రెండింటికి బంగారయ్యకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "అయ్యో, మన మతి మండా! లోపల బియ్యం ఎక్కడున్నాయి? అత్త ఏం పెట్టి వండుద్ది?"

ఇంకేముంది, పోతురాజు ఒక్క పరుగున వెళ్ళి బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు స్టవ్వు తెచ్చి, బీరువాలో పెట్టి, తలుపు మూసి, "అత్తా, పప్పులో ఉప్పు తగ్గించు," అని చెప్పి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.