మబ్బుల కనుమకు అడ్డుకర్ర

కుంభగిరి సంస్థానాన్ని ఏలే అనంతభూపతికి ఒక పొద్దున్న ఉన్నట్టుండి మబ్బుల మీద మోజు పుట్టింది. రాజులకు మోజు పుడితే ఊళ్లకు ముచ్చెమటలు పడతాయి. ఇదీ అలాంటి మోజే.

కోటకు ఆమడ దూరంలో మబ్బుల కనుమ ఉంది. కొండను చుట్టుకుంటూ పైకెక్కే దారి అది. ఒక పక్క లోయ నిండా తెల్లటి మబ్బులు, మరో పక్క విరగబూసిన పసుపు పూలు. రాజు పల్లకీలో కూర్చుని ఆ సొగసు చూస్తూ మైమరచిపోతున్నాడు. అంతలో ఎదురుగా ఉప్పు బస్తాల ఎద్దులు గంటలు మోగించుకుంటూ దిగాయి. వాటి వెనకే చింతపండు గంపలతో కొండ ఆడవాళ్లు పకపకా నవ్వుకుంటూ వచ్చారు.

"ఇంత అందమైన దారిలో ఈ సంత గోలేమిటయ్యా?" అని రాజు విసుక్కున్నాడు.

దివాను గోపరాజుకు అది చాలు. రాజు తుమ్మితే తను చీదే రకం. "మూసేద్దాం ప్రభూ! ఇంత అందం తమరు చూడాలి గానీ, దారిన పోయే వాళ్లకెందుకు?" అన్నాడు. మర్నాడే దండోరా వేయించాడు. కనుమ దారిలో రాజుగారు తప్ప మరెవరూ కాలు పెట్టరాదు, పెడితే పాతిక కొరడా దెబ్బలు! లోయ కనిపించే తొలి మలుపులో అడ్డుకర్ర వేయించి, కావలివాళ్లను నిలబెట్టి, తీరిగ్గా మీసం దువ్వుకున్నాడు.

ఆ దండోరా విని రాజుగారి పల్లకీ మోసే బోయీల పెద్ద దాలయ్య తల పట్టుకున్నాడు. అతని కూతురు నూకాలును ఇచ్చింది కనుమ అవతలి ఊరికే. నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కనుమ మీదుగా అయితే పోనూ రానూ ఒక పూట నడక. కొండ చుట్టూ తిరిగితే గతుకుల్లో నాలుగు రోజుల బండి ప్రయాణం. నిండు చూలాలు ఆ కుదుపులకు తట్టుకుంటుందా?

పరుగున పోయి దివాను కాళ్ల మీద పడ్డాడు. "ఒక్క పూట వదలండి బాబూ. నా బిడ్డని తెచ్చుకుంటాను."

"నీ కూతురి పురిటి కోసం రాజశాసనం పక్కకు తప్పుకోవాలట్రా? పో, పో!"

దాలయ్యకు ఒళ్లు మండింది. కానీ నలభై ఏళ్లుగా పల్లకీ మోస్తున్నవాడు, బరువు ఎప్పుడు ఎవరి భుజానికి మార్చాలో అతనికి బాగా తెలుసు. దండం పెట్టి ఇంటికి పోయాడు.

మూడోనాడు రాజు గోపరాజును వెంటబెట్టుకుని మళ్లీ మబ్బులు చూడ్డానికి బయల్దేరాడు. అడ్డుకర్ర దగ్గరికి రాగానే, "దించండ్రా!" అన్నాడు దాలయ్య. పల్లకీ నేలకు దిగింది.

రాజు తెర తొలగించి, "ఏమైందిరా?" అన్నాడు.

"ఇక్కణ్ణించి తమరు నడవాల మారాజా. తమరు తప్ప ఇంకెవుళూ కాలెట్టకూడదని దండోరా ఏశారు కదా. ఒక్కొక్కడికి పాతిక దెబ్బలంటే మా ఈపులు సాలవు."

రాజు పౌరుషానికి పోయి దిగాడు. పది అడుగులు వేసేసరికి జరీ చెప్పులో రాయి దూరింది. నడినెత్తిన ఎండ. వెనక్కి చూస్తే గొడుగు పట్టేవాడు అడ్డుకర్ర అవతలే బుద్ధిగా నిలబడి ఉన్నాడు.

"గోపరాజూ! బోయీలనూ గొడుగువాణ్ణీ వదలమని రాయి!"

దివాను తాటాకు పట్టుకుని రాజు దగ్గరికి పరుగెత్తాడు. గంటంతో గబగబా గీకాడు. అయినా దాలయ్య కదల్లేదు.

"మళ్లీ ఏమిట్రా?"

"దారిలో అంబలి పడకపోతే మా కాళ్లు ఒణుకుతాయి మారాజా. పక్కనే లోయ. అంబలి ముంతలు తెచ్చేది మా ఆడోళ్లు."

రాజు లోయలోకి తొంగి చూశాడు. "రాయి, రాయి!"

"పైన తమకి ఏడేడిగా బోజనం..."

"వంటవాళ్లనూ రాయి."

"పొయ్యిలోకి కట్టెలు, పాలు, పెరుగు తెచ్చేది కొండోళ్లే."

"సరే, వాళ్లనూ రాయి. ఆ ఎద్దులవాళ్లు మాత్రం వద్దు! గంటల గోల పడలేను."

"సిత్తం మారాజా," అని దాలయ్య తల గోక్కున్నాడు. "కాకపోతే ఆ ఎద్దులు దారెంబడి పొదలు మేస్తాయి కాబట్టే తమకి లోయ అగుపిస్తాంది. అవి రాకపోతే రెండు వానలకి ముళ్లపొదలు పల్లకీ ఎత్తు లేస్తాయి. మనకి మబ్బులు కనపడవు. పొదలో పులుంటే దానికి మాత్రం మనం కనపడతాం."

రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎద్దుల్ని కూడా రాయవయ్యా! ఇంకా ఎవరైనా ఉన్నారా?"

దాలయ్య రెండు చేతులూ జోడించాడు. "పుట్టింటికి పురిటికొచ్చే ఆడకూతుళ్లు మారాజా."

రాజు అతని మొహంలోకి చూశాడు. "మీ అమ్మాయా?"

"అవును మారాజా. తొలి కాన్పు."

"అది ముందు చెప్పొద్దూ!" అన్నాడు రాజు మెత్తగా. దివాను చెమటలు కక్కుతూ అదీ రాశాడు. ఆకు రెండు వైపులా నిండిపోయింది.

"ఇంతమందిని వదిలేశాక, ఈ అడ్డుకర్ర ఇంకెవరి కోసంరా?"

దాలయ్య చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"దివాను గారొక్కరి కోసమే మారాజా. ఆకులో ఆయన పేరొక్కటే లేదు. పైగా ఆయన ఇప్పుడు అడ్డుకర్ర దాటి లోపలే ఉన్నారు!"

గోపరాజు తన కాళ్లకేసి చూసుకున్నాడు. గావుకేక పెట్టి, పంచె ఎగ్గట్టి, ఒక్క గంతులో అడ్డుకర్ర బయటికి దూకాడు. దూకిన ఊపుకి తలపాగా ఊడి కావలివాడి చేతిలో పడింది. రాజు వచ్చి అడ్డుకర్ర పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. దివాను ఉన్నాడన్న భయం కూడా లేకుండా బోయీలూ నవ్వారు.

"తీసెయ్యండ్రా ఆ కర్రని! ముక్కలు కొట్టి దాలయ్య ఇంటికి పంపండి, పురిటి స్నానానికి నీళ్లు కాచుకుంటారు," అన్నాడు రాజు. మెడలో గొలుసు తీసి దాలయ్య చేతిలో పెట్టాడు. "ఇది పుట్టబోయే బిడ్డకి. ఈ పల్లకీ ఇవాళ నీ కూతురిది. వెళ్లి తెచ్చుకో. మీరొచ్చేదాకా నేనిక్కడ కూర్చుని మబ్బులు చూస్తాను. గోపరాజు గొడుగు పడతాడు."

దాలయ్య కళ్లొత్తుకుని, "ఎత్తండ్రా!" అన్నాడు. ఓహోం ఓహోం అంటూ ఖాళీ పల్లకీ కనుమ ఎక్కింది.